ప్రశాంతమైన కాలనీలో ఇంటిల్లిపాదికీ సరిపోయే ఫ్లాట్: హైదరాబాద్‌లో ఎలా కొనాలి

మా ఇంట్లో ఆరుగురం. అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. అద్దెకున్న డబుల్ బెడ్‌రూమ్‌లో నాన్న రాత్రి దగ్గితే పిల్లలు లేచేవాళ్లు. పరీక్షల రోజుల్లో పిల్లలు హాల్లో చదువుకుంటుంటే అమ్మ టీవీ కట్టేసి ఊరికే కూర్చునేది. ఇక లాభం లేదని సొంత ఫ్లాట్ వెతకడం మొదలుపెట్టాం. ఎనిమిది నెలల్లో ముప్ఫైకి పైగా చూసి, చివరికి తార్నాకలో ఒక రీసేల్ ట్రిపుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాం.

అమ్మేవాళ్లందరూ చెప్పే మాటలు రెండే: ఫ్లాట్ విశాలంగా ఉంటుంది, ఏరియా ప్రశాంతంగా ఉంటుంది. ఆ రెండింటినీ ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా మనమే తేల్చుకోవచ్చు. మొదటిదానికి టేపు కావాలి, రెండోదానికి వేరువేరు వేళల్లో నాలుగుసార్లు వెళ్లే ఓపిక కావాలి. మేం చేసిన క్రమంలోనే చెబుతాను.

ముందు ఇంట్లో లెక్క

ఫ్లాట్లు చూడ్డానికి వెళ్లకముందే చేతిలో ఎంత ఉండాలో రాసుకోండి. ఉదాహరణకు 1 కోటి 20 లక్షల ఫ్లాట్ అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 75 లక్షలు దాటిన గృహ రుణానికి బ్యాంకు ఆస్తి విలువలో 75 శాతం వరకే ఇస్తుంది. అంటే 90 లక్షలు. మిగతా 30 లక్షలు మీవి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 9 లక్షలు. ఈ ఖర్చును బ్యాంకు ఆస్తి విలువలో కలపదు. పైగా వుడ్‌వర్కు, రంగులు, అసోసియేషన్‌కు కట్టేవి. అన్నీ కలిపి 40 లక్షలు దాటి చేతిలో ఉంటేనే ఆ ధర ఫ్లాట్ వైపు చూడాలి. చాలామంది 30 దగ్గరే లెక్క ఆపేసి, రిజిస్ట్రేషన్ వారంలో బంగారం తాకట్టు పెడతారు. ఆ టెన్షన్ వద్దు.

ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది (45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకు 1 శాతం). ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ (భవనం ప్లాను ప్రకారం పూర్తయింది, అందులో ఉండొచ్చు అని కార్పొరేషన్ ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

తర్వాత ఎవరు ఎక్కడ పడుకుంటారో కాగితం మీద రాయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ సగం ఫ్లాట్లు ఇక్కడే వడపోతకు పోతాయి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. కాబట్టి వాళ్ల గదికి అటాచ్డ్ బాత్‌రూమ్, అందులో వెస్టర్న్ కమోడ్, గోడకు పట్టుకునే రాడ్డు బిగించే చోటు ఉండాలన్నాం. లిఫ్టు తప్పనిసరి. పిల్లల బడి, నాన్నగారి డాక్టరు, నాకు మెట్రో స్టేషన్, ఈ మూడింట్లో రెండైనా దగ్గరుండాలన్నాం. మూడూ కుదిరే చోటు కోసం ఆగితే మేం ఇప్పటికీ అద్దింట్లోనే ఉండేవాళ్లం.

ఎటువైపు వెతకాలి

ఆఫీసు హైటెక్ సిటీలో ఉంటే అందరూ కొండాపూర్, నల్లగండ్ల, తెల్లాపూర్ వైపే చూస్తారు. అవి తప్పని కాదు. కానీ ప్రశాంతత ముఖ్యం అనుకునేవాళ్లు పాత కాలనీలను కూడా చూడాలి: తార్నాక, హబ్సిగూడ, వెస్ట్ మారేడ్‌పల్లి, పద్మారావు నగర్, సైనిక్‌పురి. చెట్లు పెరిగి ఉన్నాయి, పక్కింటివాళ్లు ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్నారు. తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఒకటే లైను, రైలు మారే పనిలేదు.

ఈ పాత కాలనీల్లో గేటెడ్ కమ్యూనిటీలు తక్కువ. పది, పదిహేను ఫ్లాట్లుండే స్టాండలోన్ అపార్ట్‌మెంట్లే ఎక్కువ. స్విమ్మింగ్ పూల్, క్లబ్‌హౌస్ ఉండవు. కానీ యూడీఎస్ చూడండి. యూడీఎస్ అంటే ఆ స్థలంలో మీ పేరు మీదకు వచ్చే అవిభాజ్య వాటా. 600 గజాల్లో పది ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరికి 60 గజాలు. ఎకరం అంటే 4,840 గజాలు. అందులో 120 ఫ్లాట్ల టవరు లేస్తే ఒక్కొక్కరికి 40 గజాలు. ముప్ఫై ఏళ్ల తర్వాత భవనం పాతబడుతుంది, మీ చేతిలో నిలిచేది ఆ గజాలే. బ్రోచర్‌లో కాదు, సేల్ డీడ్‌లో ఎంత రాసి ఉందో చూడండి.

ప్రశాంతతను పరీక్షించడం

మేం దాదాపు అడ్వాన్స్ ఇచ్చేయబోయిన ఒక ఫ్లాట్ ఉంది. మూడో అంతస్తు, ఈస్ట్ ఫేసింగ్, బాల్కనీ ముందు వేపచెట్టు. రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ పిట్ట కూత తప్ప ఏమీ వినపడలేదు. ఏజెంటు, ఓనరు ఇద్దరూ అదే చెప్పారు. అప్పుడు ఆషాఢ మాసం నడుస్తోంది. శ్రావణంలో ఒక శుక్రవారం రాత్రి, ఎందుకో మనసాగక, నేనూ మా ఆవిడా మళ్లీ వెళ్లాం. వీధి మొదట్లోనే బండి ఆపాల్సి వచ్చింది. వెనక వీధిలో ఫంక్షన్ హాలు ఉందట. బరాత్ ఆ వీధిగుండానే వస్తోంది. బ్యాండు, ఆ వెనక డీజే బండి, జనరేటరు. ఫ్లాట్ బెడ్‌రూమ్ కిటికీ అద్దం మీద వేలు ఆనించి చూస్తే దరువుకు తగ్గట్టు సన్నగా వణుకుతోంది. టైము పదకొండుంపావు.

అందుకే మొదటి సలహా: ఆషాఢంలోనో, మూఢంలోనో ఫ్లాట్ చూసి నిర్ణయానికి రాకండి. పంచాంగం తీసి గట్టి ముహూర్తం ఉన్న రాత్రి చూసుకుని, పది దాటాక వెళ్లండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. నిబంధన ఉంది కదా అని ఫంక్షన్ హాలు వెనక కొనుక్కుంటే, ప్రతి ముహూర్తానికీ 100కు ఫోన్ చేస్తూ బతకాలి.

మొత్తం నాలుగుసార్లు వెళ్లండి. పనిరోజు ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, స్కూలు బస్సులు, ఆటోలు ఆ వీధిని అడ్డదారిగా వాడుతున్నాయేమో తెలుస్తుంది. మధ్యాహ్నం ఒకసారి, ముసలివాళ్లు ఇంట్లో ఉండే వేళ అది. ముహూర్తం రాత్రి ఒకసారి. గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి. ఆ చివరిదాని సంగతి కిందకు వస్తాను.

అల్వాల్, బొల్లారం వైపు చూస్తుంటే హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో శిక్షణ విమానాలు ఎగిరే వేళలు కనుక్కోండి. తార్నాక, సీతాఫల్‌మండి వైపు రైలు పట్టాలు ఎంత దూరమో చూడండి. వీధి చివర వైన్స్, దాని పక్కన పర్మిట్ రూమ్ (అక్కడే కూర్చుని తాగే గది) ఉంటే సాయంత్రం ఏడింటికి అక్కడ బండ్లు ఎలా పెడుతున్నారో ఒకసారి నిలబడి చూడండి.

పక్క ఖాళీ స్థలాన్ని మాత్రం చాలామంది మర్చిపోతారు. పక్కన ఖాళీ ప్లాటో, పాత ఇండిపెండెంట్ ఇల్లో ఉంటే గాలి వెలుతురు బాగుంటుందని సంబరపడతాం. అది రేపు డెవలప్‌మెంట్‌కు వెళ్తే రెండు మూడేళ్లు ఇల్లు ఇల్లులా ఉండదు. హైదరాబాద్‌లో సెల్లార్ తవ్వాలంటే బండ పగలగొట్టాలి. ఆ డ్రిల్లింగ్ చప్పుడు తలుపులు వేసినా ఆగదు, దుమ్ము సంగతి సరేసరి. ఆ స్థలం ఎవరిది, అన్నదమ్ముల పంపకాలు అయ్యాయా, బిల్డరుతో మాటలు నడుస్తున్నాయా అని అడగండి. రోడ్డు వెడల్పు కూడా చూడండి. 30 అడుగుల రోడ్డు మీద హైరైజ్‌కు అనుమతి రాదు.

ఇవన్నీ ఎవరిని అడగాలి? ఏజెంటును కాదు. ఆ వీధిలో ఇస్త్రీ బండి ఆయనను అడగండి. ఏ ఇంట్లో ఎవరు దిగారు, ఎవరు ఎందుకు ఖాళీ చేశారు, ఏ ఫ్లాట్ ఏడాదిగా అమ్ముడుపోకుండా ఉంది, అన్నీ ఆయనకు తెలుసు. మేం కొన్న వీధిలో ఆయనే చెప్పారు, “గణపతి మండపం తొమ్మిది రోజులు వీధి చివర పెడతారు సార్, మిగతా ఏడాదంతా ఏం ఉండదు.” అంతకన్నా నమ్మకమైన మాట మాకు ఇంకెవరూ చెప్పలేదు.

భవనం లోపలి చప్పుళ్లు కూడా చూసుకోండి. బెడ్‌రూమ్ గోడకు అవతల లిఫ్టు షాఫ్టు ఉంటే ఎవరు ఎక్కినా దిగినా వినిపిస్తుంది. పై అంతస్తులో లిఫ్టు మోటారు రూమ్ కింద ఉన్న ఫ్లాట్, మొదటి అంతస్తులో బోరు మోటారు, జనరేటరు పైన ఉన్న ఫ్లాట్, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురుగా బాల్కనీ ఉన్న ఫ్లాట్, వీటికి పెద్దవాళ్ల గది ఎటు వస్తుందో చూసుకునే వెళ్లండి. ఫ్లాట్‌లో అందరూ ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. ఏజెంటునూ మాట్లాడొద్దని చెప్పండి.

టేపు పట్టుకుని వెళ్లండి

మాకు “1850 ఎస్‌ఎఫ్‌టీ సార్, చాలా పెద్దది” అని చూపించిన ఒక ఫ్లాట్‌ను కొలిస్తే గదులన్నీ కలిపి 1290 చదరపు అడుగులు వచ్చాయి. మోసం అనలేం. ఆ 1850 సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్, బాల్కనీ, బయటి గోడల మందం అన్నీ అందులో కలిసి ఉంటాయి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, కార్పెట్ ఏరియా అంటే ఏమిటో స్పష్టంగా చెప్పింది: బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు పోగా లోపల మనం వాడుకునే నేల, లోపలి గోడల మందంతో సహా. ఏ ఫ్లాట్ చూసినా ధరను కార్పెట్ ఏరియాతో భాగించి నోట్‌బుక్‌లో రాసుకోండి. అప్పుడు చవక అనుకున్నది ఖరీదుగా, ఖరీదు అనుకున్నది చవకగా కనిపించడం మొదలవుతుంది.

కానీ మొత్తం లెక్క ఒక్కటే చాలదు. గది గది కొలవాలి. ఆ 1850 ఫ్లాట్‌లో మూడో బెడ్‌రూమ్ వెడల్పు తొమ్మిదిన్నర అడుగులు. ఆరడుగుల వెడల్పు మంచం వేసి, రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ పెడితే మధ్యలో మిగిలేది అడుగున్నర. వార్డ్‌రోబ్ తలుపు పూర్తిగా తెరుచుకోదు, మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఖాళీ గదిగా చూసినప్పుడు అది మాకు తెలియలేదు. తర్వాత నుంచి ప్రతి ఫ్లాట్‌కూ పాత న్యూస్‌పేపర్లు తీసుకెళ్లాం. మంచం కొలతకు నేల మీద పరిచి, పక్కన నడిచి, తలుపు తీసి వేసి చూసేవాళ్లం. డైనింగ్ టేబుల్‌కూ అంతే, కుర్చీ వెనక్కి లాగితే వెనక మనిషి వెళ్లేంత దారి ఉండాలి.

వంటింటి పక్కన యుటిలిటీ ఉందా, అందులో వాషింగ్ మెషిన్ పెట్టాక అంట్లు తోముకోవడానికి చోటు మిగులుతుందా? ఊరి నుంచి వచ్చే బియ్యం బస్తా, పచ్చడి జాడీలు ఎక్కడ పెడతారు? పూజ గది లేకపోతే ఈశాన్యంలో అల్మారాకైనా చోటుందా? ఇవి మీ ఇంటి ఆడవాళ్లు అడుగుతారు, వాళ్లు రాకుండా ఏ ఫ్లాట్‌కూ ఓకే చెప్పకండి. వాస్తు పట్టింపు ఉంటే మొదటి రోజే ఏజెంటుకు చెప్పేయండి. ఈస్ట్ ఫేసింగ్‌కు ధర ఎక్కువ అడుగుతారు. పట్టింపు లేనివాళ్లకు వెస్ట్ ఫేసింగ్‌లో అదే డబ్బుకు ఇంకో గది వచ్చే అవకాశం ఉంది.

లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా అని కూడా చూశాం. పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి పట్టదు. మాకు పట్టేది దొరకలేదు. అందుకే కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి దించగలిగేంత ఉంటే చాలనుకుని, రెండో అంతస్తు దాటలేదు.

గోడలు, నీళ్లు

వాన పడిన మర్నాడు వెళ్లమన్నది ఇందుకే. బాత్‌రూమ్ సీలింగు, బయటి గోడకు ఆనుకున్న బెడ్‌రూమ్ మూలలు, కిటికీల కింద అరచెయ్యి పెట్టి చూడండి. మిగతా గోడ పాత రంగుతో ఉండి ఒక్క చోట మాత్రం కొత్త పుట్టీ మెరుస్తుంటే అక్కడ లీకేజీ ఉండి ఉంటుంది. పై ఫ్లాట్ వాళ్ల బాత్‌రూమ్ రిపేరు ఎవరు చేయిస్తారన్నది ఇద్దరి మధ్యా ఏళ్లు నడిచే గొడవ.

అదే రోజు సెల్లార్ చూడండి. నీళ్లు నిలిచిన గుర్తు గోడ మీద గీతలా ఉంటుంది. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్, టోలీచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లలోకి ఎంత నీరు వచ్చిందో అందరం చూశాం. చెరువు దగ్గరుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు వచ్చే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టకూడని స్థలం) హద్దులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో సరిచూసుకోండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ హద్దులు ఎంత సీరియస్ విషయమో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఎండాకాలం నీళ్ల సంగతి వాచ్‌మన్‌ను అడగండి. “ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయి?” అని నేరుగా అడగాలి. నీళ్లు బాగానే వస్తాయా అంటే వస్తాయనే అంటారు. మంజీరా నీళ్లు (కృష్ణా, గోదావరి నుంచి వచ్చినా మనం మంజీరా అనే అంటాం) ఏ రోజు ఏ టైముకు వదులుతారు, సంపు ఎంతది, బోరులో ఎండాకాలం నీళ్లుంటాయా అని కూడా. ఆ తర్వాత అసోసియేషన్ వాళ్లను గత ఏడాది ట్యాంకర్ల ఖర్చు చూపించమనండి. చూపించడానికి అభ్యంతరం లేని అసోసియేషన్ బాగా నడుస్తున్నట్టే.

కాగితాలు

ఇక్కడ ఖర్చుకు వెనకాడకండి. బ్యాంకు లాయరు చూస్తాడు కదా అని ఊరుకోవద్దు, ఆయన చూసేది బ్యాంకు అప్పు భద్రత. మీ తరఫున ఒక లాయరును పెట్టుకుని రాతపూర్వకంగా లీగల్ ఒపీనియన్ తీసుకోండి. ఆయన చేతిలో పెట్టాల్సినవి: కనీసం ముప్ఫై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), స్థల యజమానికీ బిల్డరుకూ మధ్య జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, మంజూరైన ప్లాను, ఓసీ, ఆస్తి పన్ను రసీదులు.

మీరు స్వయంగా చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ తీసుకోండి. అదే సైట్‌లో 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో వెతకండి. ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో, భవనంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ప్లానులో లేని పెంట్‌హౌస్ ఎంత విశాలంగా ఉన్నా, ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

ప్లాను ఇచ్చేటప్పుడు కట్టడంలో 10 శాతం భాగాన్ని మున్సిపల్ కార్పొరేషన్‌కు మార్ట్‌గేజ్ పెట్టించుకుంటారు, ఓసీ ఇచ్చాకే విడిపిస్తారు. మీరు చూసే ఫ్లాట్ ఆ భాగంలోది కాదని నిర్ధారించుకోండి. ఓసీ లేదంటే మాత్రం “అందరూ ఉంటున్నారు కదా” అన్న మాట వినకండి. ఓసీ చూశాకే బ్యాంకులు రుణాలివ్వాలని, కరెంటు, నీళ్ల కనెక్షన్లూ అలాగే ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు మీరు అమ్మాలన్నా ఇదే అడ్డు వస్తుంది.

కొత్త ప్రాజెక్టు అయితే రెరాలో నమోదైన నంబరు లేకుండా రూపాయి కట్టకండి. ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) అని సగం ధరకు ఇస్తామనేవాళ్లు మన ఊళ్లో ఎన్ని కుటుంబాల డబ్బు పట్టుకుపోయారో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోవడం రెరా చట్టానికి విరుద్ధం. స్వాధీనం ఇచ్చాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే సరిచేయాలి.

బేరం, అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్

ఆషాఢం, పుష్యం లాంటి మాసాల్లో కొనేవాళ్లు తగ్గుతారు. బేరం ఆడడానికి అదే మంచి టైము. చప్పుడు పరీక్ష మాత్రం ముహూర్తాల్లోనే చేసి ఉండాలి. మీ నోట్‌బుక్‌లో రాసుకున్న లోపాలు (పుట్టీ మచ్చ, పాత వైరింగు, కిటికీలకు మెష్ లేకపోవడం) ఒక్కోదానికీ రిపేరు ఖర్చు కట్టి మర్యాదగా ముందు పెట్టండి. మేం అలా అడిగితే ఓనరుగారు, పెద్దాయన, కాగితం రెండుసార్లు చదివి మూడున్నర లక్షలు తగ్గించారు.

అడ్వాన్స్ చెక్కు రూపంలోనో, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గానో ఇవ్వండి. ఆస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. సేల్ అగ్రిమెంట్‌లో కారు పార్కింగ్ నంబరుతో సహా, గీజర్లు, ఫ్యాన్లు, మాడ్యులర్ కిచెన్ ఏవి వదిలేస్తున్నారో పేరుపేరునా రాయించండి. లోను రాకపోతే అడ్వాన్స్ వాపసు ఇస్తామన్న వాక్యం తప్పకుండా ఉండాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి మీరే కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే టీడీఎస్ చాలా ఎక్కువ, ఆ లెక్క సీఏతో వేయించుకోండి. కొనేది మీరే విదేశాల్లో ఉండి అయితే, అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీని ఇక్కడికి పంపించి, అది అందిన మూడు నెలల్లో స్టాంపు వేయించుకోవాలి. దానితోపాటు ఇక్కడున్న అమ్మానాన్నలనో, తమ్ముణ్నో ఒక రాత్రి ఆ వీధికి పంపించండి.

రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసుకుని, ఇద్దరు సాక్షులతో వెళ్లాలి. డ్రాఫ్టు ముందు రోజే తెప్పించుకుని ఇంట్లో గట్టిగా చదవండి. మా డ్రాఫ్టులో యూడీఎస్ 62 గజాలకు బదులు 26 అని పడింది. చదివి వినిపిస్తుంటే నాన్న పట్టుకున్నారు.

తాళాలు తీసుకునే ముందు కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, మెయింటెనెన్స్ బాకీ లేదని రసీదులు, అసోసియేషన్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి. ఆస్తి పన్ను, కరెంటు మీటరు, నీళ్ల కనెక్షన్ మూడూ మీ పేరు మీదకు మారాయో లేదో విడివిడిగా చూసుకోండి. ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకుకు ఇచ్చేటప్పుడు ఒక్కో కాగితం పేరు రాసిన జాబితా మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. అప్పు తీరాక 30 రోజుల్లో అవి తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 చొప్పున బ్యాంకు మీకు కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఆ జాబితా ఉంటేనే ఏం రావాలో మీకు తెలుస్తుంది.

వుడ్‌వర్కు, డ్రిల్లింగ్ పనులన్నీ గృహప్రవేశానికి ముందే, మధ్యాహ్నం పూట నిద్రపోయే ముసలివాళ్లు ఏ ఫ్లాట్‌లో ఉన్నారో కనుక్కుని, ఆ వేళ ఆపుతూ చేయించండి. మేం కింద ఫ్లాట్ మామ్మగారికి ముందే చెప్పాం, ఆవిడ రెండు నుంచి నాలుగు దాకా ఆపమన్నారు. ఆపాం. పాలు పొంగించిన రోజు పాయసం మొదటి గిన్నె ఆవిడకే వెళ్లింది.